ఒక కార్డు, ఏడు ఇళ్ళు

జూన్ నెల వచ్చిందంటే ధనంజయ మాస్టారుకు మోకాళ్ళు పట్టేస్తాయి. మేలో బాగానే ఉంటాయి, జులైలో మళ్ళీ బాగవుతాయి. ఇంటర్మీడియెట్ ఫలితాలు పేపర్లో పడ్డ రోజు నుంచి సీట్లన్నీ నిండిపోయే రోజు దాకా మాత్రం ఆయన మెట్లెక్కలేడు. "అది వాతం కాదు, పిలకాయల రోగం" అంటుంది భార్య అలివేలమ్మ. మందులేని రోగమని ఆమె ఉద్దేశం.

చిత్తూరు కాలేజీలో రెండేళ్ళ చదువే ఉంది. ఆపైన బి.ఏ. చదవాలంటే ఊరు దాటాలి. కలిగినవాళ్ళ పిల్లలు మద్రాసు బండెక్కుతారు. లేనివాళ్ళ పిల్లలు ధనంజయ మాస్టారు ఇంటి మెట్లెక్కుతారు. ఆయనకు జీతమిచ్చేది చరిత్ర పాఠాలు చెప్పడానికి. పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగి సీటూ, బసా, తిండీ చూసిపెట్టమని ఎవరూ చెప్పలేదు. ఎప్పుడో ఒకసారి జాలిపడి చేశాడు. ఒకసారి జాలిపడ్డవాణ్ణి లోకం ఊరికే వదలదు కదా! ఇప్పుడు ఆ పని చెయ్యకపోతే ఏదో బాకీ ఎగ్గొట్టినట్టు చూస్తారు.

ఈసారి ఆయన నెత్తిన పడ్డవాడు ఏకాంబరం. నగరిలో మగ్గం నేసే దేవకమ్మ కొడుకు. ఇంటర్మీడియెట్ మొదటి తరగతిలో పాసయ్యాడు. తిరుపతిలో కొత్తగా బి.ఏ. పెట్టిన కాలేజీ వాళ్ళు ఫీజు లేకుండా సీటిస్తామన్నారు. ఇంకేం కావాలి? కావలసింది కూడు. చిత్తూరులో ఈ రెండేళ్ళూ వాడు వారాలు చేసుకుని చదివాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అట్లా వారానికి ఏడిళ్ళు. ఆ ఇళ్ళన్నీ కుదిర్చింది ధనంజయ మాస్టారే. గురువారం ఆయన ఇంట్లోనే. ఇప్పుడు తిరుపతిలో మళ్ళీ ఏడిళ్ళు వెతకాలి. దొరికితే వాడు బి.ఏ. చదువుతాడు. దొరక్కపోతే నగరికి వెళ్ళి, నూలు దొరక్క మూలపడిన మగ్గం ముందు కూర్చుంటాడు.

ఊరు వదిలేముందు వారాలబ్బాయి అన్నం పెట్టిన ఇళ్ళన్నింటికీ వెళ్ళి చెప్పిరావడం ఆనవాయితీ. మాస్టారు కూడా వెంట వెళ్ళాడు. ఆ ఇళ్ళవాళ్ళకు తిరుపతిలో ఎవరైనా బంధువులుంటే పేర్లు అడిగి తెలుసుకోవడం ఆయన పద్ధతి. ఒక ఊరి వారాలు ఇంకో ఊరి వారాలకు దారి చూపిస్తాయని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళూ ఆ నమ్మకం వమ్ము కాలేదు.

సోమవారం ఇల్లు కుప్పయ్యది. శెనక్కాయల వ్యాపారి, ఊరి బయట వరిమళ్ళున్నాయి. వీళ్ళు వెళ్ళేసరికి కొట్టం ముందు మంచమేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా అయ్యోరూ, మా పిలకాయను తీసకపోతా ఉండావంట! వాడు పోతే ఈ ఎద్దులకు నీళ్ళెవరు పెడతారు?"

"బి.ఏ. చదవబోతా ఉండాడు కుప్పయ్యా."

"సదవనీ, వద్దంటినా? సోమవారం తెల్లారితే వచ్చి నీళ్ళు పెట్టి, కొట్టమూడ్చి, మా పాపకు లెక్కలు చెప్పేవాడు. కూడు పెట్టినందుకు యానాడూ నాకు నష్టం రాలే." పెద్ద మెచ్చుకోలు మాట చెప్పినట్టు కుప్పయ్య నవ్వాడు.

ఏకాంబరం బొక్కెన తీసుకుని బావి దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ చెప్పలేదు. చొక్కా చేతులు తడవకుండా మోచేతుల పైకి మడుచుకుని, నీళ్ళు తోడి తొట్టి నింపాడు. ఎద్దు తాగేదాకా పక్కనే నిలబడి, దాని గంగడోలు నిమిరి, బొక్కెన యథాస్థానంలో బోర్లించాడు. చెప్పిరావడానికి వచ్చినవాడు కూడా పని చేసిపోతున్నాడే అని మాస్టారుకు ఒక్క క్షణం అనిపించింది. కాని ఆయన మనసు తిరుపతి పేర్ల మీద ఉంది.

"తిరుపతిలో మీవాళ్ళెవరైనా ఉండారా కుప్పయ్యా? వీడికి ఒక వారం కావాల."

"తిరుపతిలో కూటికి కరువా అప్పా! ఊరంతా సత్రాలే. సరే, మా బావమరిది గోవిందస్వామి ఉండాడు, తాలూకా కచేరీలో గుమాస్తా. నా పేరు చెప్పు. కాదంటే నన్నడుగు."

తిరుపతిలో కూటికి కరువా! ఆరిళ్ళలోనూ ఆ మాటే విన్నాడు మాస్టారు. ఇంటికొస్తే అలివేలమ్మ కూడా అదే అంది. ఇంతమంది అంటే నిజమే అయివుంటుందని ఆయనకూ అనిపించింది. రోజూ పేపరు చదివేవాడికి, పిల్లలకు కరువుల చరిత్ర చెప్పేవాడికి, తిరుపతిలో బియ్యానికి కార్డులు పెట్టారన్న సంగతి చదివి కూడా, ఆ సంగతికీ ఏకాంబరం వారాలకూ లంకె ఉందని తట్టలేదు. చిత్తూరులో వాడికి అన్నం పెట్టినవాళ్ళందరికీ పల్లెల్లో మళ్ళున్నాయి. గాదె ఉన్న ఇంట్లో ఇంకో విస్తరి ఒక లెక్క కాదు. తిరుపతిలో ఆయన చేతిలో ఉన్న పేర్లన్నీ నెలజీతం మీద, కంట్రోలు బియ్యం మీద బతికేవాళ్ళవి.

*

శుక్రవారం పొద్దున బండిలో పాకాల మీదుగా తిరుపతి చేరారు. సత్రంలో మూట పడేసి నేరుగా కాలేజీకి వెళ్ళారు. ప్రిన్సిపాలు మంచివాడే. మార్కులు చూసి సంతోషించాడు. కాని ఒక మెలిక పెట్టాడు.

"హాస్టల్లో చోటు లేదు మాస్టారూ. నిరుడు ఇద్దరు పిల్లలు ఇట్లాగే సత్రాల్లో పడుకుని, తిని తినక జ్వరాలు తెచ్చుకుని మధ్యలో వెళ్ళిపోయారు. ఆ రెండు సీట్లూ వృథా అయ్యాయి. ఈ అబ్బాయి ఎక్కడుంటాడో, ఎవరింట్లో తింటాడో సోమవారం సాయంత్రం లోపల మీరే వచ్చి చెప్పండి. చెప్పకపోతే సీటు తర్వాతి వాడికిస్తాను. ఏమీ అనుకోవద్దు."

అనుకోవడానికేముంది, న్యాయమైన మాటే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చేశాడు, ప్రసాదమే దొరకాలి. మాస్టారు గొడుగు పట్టుకుని బయలుదేరాడు. వెనకాల ఏకాంబరం.

మొదటి ఇల్లు చెంగమ్మది. చిత్తూరు మంగళవారం ఇంటివాళ్ళకు పినతల్లి వరస. కుశలప్రశ్నలైనాయి, మజ్జిగ కూడా ఇచ్చింది. వారం మాట ఎత్తగానే ముఖం వాడిపోయింది.

"పెట్టకూడదని కాదు నాయనా. కార్డు మీద వచ్చే బియ్యం మాకే చాలడం లే. రాత్రిపూట సంగటే. ఒక పని చెయ్యి. పిలకాయ కార్డు మా ఇంట్లో రాయించు, మంగళవారం మంగళవారం పెడతా."

"వారానికి ఒక దినం పెట్టి, వాడి బియ్యమంతా మీరు తీసుకుంటారా అమ్మా?"

"మరి కార్డును చించి ఏడిళ్ళకూ పంచుతావా?"

ఆ ముసలమ్మ వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. మాస్టారు అరుగు దిగి వీధిలో నిలబడ్డాడు. ఎండ మాడుస్తోంది. ఇన్నేళ్ళ తన విద్య ఒక్క మాటతో తేలిపోయినట్టయింది. కార్డు ఒకటే, ఇళ్ళు ఏడు. ఎవరింట్లో రాయిస్తే వాళ్ళకే బియ్యం. తక్కిన ఆరిళ్ళవాళ్ళు ఏ పుణ్యానికి పెడతారు?

ఆ పూటా, మర్నాడు పొద్దునా ఒక్కటి తప్ప మిగతా ఇళ్ళన్నీ తిరిగారు. అన్నిచోట్లా అదే పాట. మొదట లేదంటారు. కార్డు మాట వినగానే కళ్ళు మెరుస్తాయి. ఒకాయనైతే వీధి చివరిదాకా వెంటబడి వచ్చి, "బుధవారంతో పాటు ఆదివారం కూడా పెడతాం, మాకే రాయించండి" అన్నాడు. తిండికి వద్దన్న వాణ్ణి కార్డుకు రమ్మంటున్నారు. మాస్టారుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మోకాళ్ళు మాత్రం ఏడుస్తూనే ఉన్నాయి. బొరుగులు కొనుక్కుని ఇద్దరూ సత్రం అరుగు మీద కూర్చుని తిన్నారు.

"సార్, మీరు కొంచేపు పండుకోండి. నేను కాళ్ళు పడతా" అన్నాడు ఏకాంబరం.

"వద్దులేరా. ఇంకొక్క ఇల్లుండాది."

ఆ ఇల్లు గోవిందస్వామిది. ఆయన కచేరీ నుంచి వచ్చి, చొక్కా విప్పి విసనకర్రతో విసురుకుంటున్నాడు. బావగారి పేరు చెప్పగానే కుర్చీ వేయించాడు. ఒకటే కుర్చీ. ఏకాంబరం గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"ఏడిళ్ళు తిరిగే కాలం పోయింది మాస్టారూ" అన్నాడు గోవిందస్వామి. "కార్డు మా ఇంట్లోనే రాయించండి. దినామూ ఈడనే తింటాడు. మీకూ నిశ్చింత, మాకూ నిశ్చింత." అని గుమ్మం వైపు తిరిగి ఏకాంబరాన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "ఎంత తింటాడు? సన్నంగానే ఉండాడే."

"సన్నంగా ఉండేవాళ్ళే గంపెడు తినేది" అంది లోపలినుంచి ఆయన భార్య పంకజాక్షి.

"రాత్రికి మాత్రం అన్నం కుదరదు. సంగటి పెడతాం. నీళ్ళు వీధి బావి నుంచి వీడే తేవాల. మా పిల్లలు ముగ్గురికీ చదువు చెప్పాల. పడక అరుగు మీద."

"వానొస్తే?" అన్నాడు మాస్టారు.

"వానొస్తే గోడ పక్కకు జరుక్కుంటాడు."

మాస్టారు బేరానికి దిగాడు. రాత్రి కూడా అన్నమే పెట్టాలన్నాడు. గోవిందస్వామి తల అడ్డంగా ఊపాడు. పరీక్షల నెలలోనైనా నీళ్ళ పని వద్దన్నాడు మాస్టారు. దానికి పంకజాక్షి లోపలే గొణిగి గొణిగి ఒప్పుకుంది. అంగట్లో ఎద్దును బేరమాడినట్టే ఉంది వరస: పళ్ళెట్లా ఉన్నాయి, మేత ఎంత, పని ఎంత. బేరం మధ్యలో ఒకసారి ధనంజయ మాస్టారు గుమ్మం వైపు చూడబోయాడు. చూడలేకపోయాడు. తను మాట్లాడుతున్నది పక్కనే నిలబడి వింటున్న మనిషి కడుపు గురించని ఆయనకు తెలియక కాదు. కాని ఇట్లా కాకపోతే ఎట్లా? అడగందే అమ్మయినా పెట్టదు. వాడి తరఫున అడగడానికే కదా తను ఇంత దూరం వచ్చింది!

సోమవారం పొద్దున రేషను కచేరీలో కార్డు రాయించేటట్టు మాటైంది. వీధిలోకి వచ్చాక మాస్టారు పెద్దగా ఊపిరి వదిలాడు.

"ఏంరా, సంతోషమేనా? పరీక్షల నెల సంగతి చూస్తివా, ఎట్ల ఒప్పించినానో!"

"మీరు శానా శ్రమపడినారు సార్" అన్నాడు ఏకాంబరం.

ఆదివారం పొద్దున్నే వాడు ఎక్కడికో వెళ్ళాడు. కపిలతీర్థంలో స్నానానికి వెళ్ళాడేమో అనుకుని మాస్టారు వేడినీళ్ళతో మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రానికి గాని రాలేదు. చేతుల నిండా సున్నం. ఏంరా అంటే, "ఒకరికి సాయం చేసినా సార్" అన్నాడు. అలసిపోయిన మాస్టారు మళ్ళీ అడగలేదు.

*

సోమవారం రేషను కచేరీ ముందు వీధి మలుపు దాకా వరస ఉంది. గోవిందస్వామి తనకు కచేరీ వేళైందని, తన పేరూ ఇంటి నంబరూ చెబితే చాలుననీ చెప్పి వెళ్ళిపోయాడు. వరస జరిగి జరిగి వీళ్ళ వంతు వచ్చేసరికి మాస్టారు చొక్కా వీపుకు అంటుకుపోయింది. బల్ల వెనక గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

"ఇంటి యజమాని పేరు?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఈలోపల పక్కనుంచి మాట వచ్చింది.

"ఏకాంబరం."

"నీ పేరు కాదబ్బా. ఇంటి యజమాని పేరు."

"అదే చెప్తా ఉండాను సార్. ఏకాంబరం."

గుమాస్తా తలెత్తాడు. "ఇంట్లో ఎంతమంది?"

"నేనొకణ్ణే."

"ఆలు లేదు చూలు లేదు, యజమాని అంట! ఇల్లు యాడుండాది?"

"గొల్లవీధిలో పూలమ్మే నాగులమ్మ ఇంటి వెనక వసారా. బాడుగకు తీసుకున్నాం."

వెనకనుంచి ఇంకో పిల్లవాడు ముందుకొచ్చాడు. ఎండిన చెరుకుగడలాగా పొడుగ్గా ఉన్నాడు. "అదే వసారాలో రెండో యజమాని నేను సార్. శాంతయ్య" అన్నాడు. వరసలో ఎవరో నవ్వారు. గుమాస్తా కూడా నవ్వి, మాస్టారు వైపు చూశాడు. "మీరెవరు?"

"చిత్తూరులో వీడి అయ్యోరును" అన్నాడు మాస్టారు.

కచేరీ మెట్లు దిగారు. మలుపు తిరిగాక మాస్టారు గొడుగు నేలకేసి కొట్టాడు.

"నా ముఖాన పేడనీళ్ళు చల్లినావు కదరా! ఆ గోవిందస్వామికి ఏమని చెప్పేది? కుప్పయ్య ముఖం ఎట్ల చూసేది?"

"నిన్ననే చెప్పాల్సింది సార్. చెప్తే మీరు వద్దంటారని చెప్పలే."

"వద్దనే అంటాను! వండేదెప్పుడు, చదివేదెప్పుడు? బాడుగ ఎవరిస్తారు?"

"సాయంత్రాలు గుడ్డలంగట్లో లెక్కలు రాస్తా సార్. ఒప్పుకున్నారు. శాంతయ్యకు కూడా పని ఉండాది. వాడిదీ మన కాలేజీనే, బి.ఏ.నే. మొన్న శుక్రవారం వాడి సీటుకూ ఇదే మెలిక పెట్టినారు, ఆడనే కలిసినాం." ఏకాంబరం ఆగి, నేల చూస్తూ మళ్ళీ అన్నాడు. "సార్, సోమవారం ఎద్దులు. మంగళవారం రుబ్బురోలు. బుధవారం కట్టెలు కొట్టేది. ఇంటింటికీ ఒక పని చేస్తా చదివినా. ఒక్క కుండ తోముకునేది ఎంత పని సార్?"

గురువారం పని ఏమిటో వాడు చెప్పలేదు. మాస్టారుకు తెలుసు. గురువారం అలివేలమ్మ బట్టలుతికించేది.

"అంటే ఈ రెండేళ్ళూ నేను చేసింది తప్పంటావా?" అన్నాడు మాస్టారు.

"తప్పని యాడ చెప్పినా సార్? మీరు లేకపోతే నేను ఇంటరు గడప తొక్కేవాణ్ణా? ఇంక చాలు అంటా ఉండా, అంతే." వాడు నేల మీంచి తలెత్తాడు. "ఊరంతా ఈ కార్డును తిడతా ఉండారు. అరకడుపు బియ్యమంటారు, రాళ్ళంటారు. నాకైతే నా పేరు పిలిచి, నాకని బియ్యం కొలిచిస్తారని తెలిసినాక నిద్ర పట్టలే సార్. ఇంతవరకూ నా పేరు మీద ఎవురూ ఒక గింజ కొలవలే."

మాస్టారు గొడుగు తీసుకుని దుమ్ము దులిపాడు. కోపం పోలేదు, కాని దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

"వసారా యాడరా?" అన్నాడు.

వసారాకు కొత్తగా సున్నం కొట్టి ఉంది. మూలన మూడు రాళ్ళ పొయ్యి. కంట్రోలు అంగట్లో అప్పుడే తెచ్చిన బియ్యాన్ని ఏకాంబరం చేటలో పోసి రాళ్ళు ఏరాడు. శాంతయ్య పొయ్యి రాజెయ్యబోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాగులమ్మ గుమ్మంలోంచి చూసి, "అట్ల ఊదితే పొయ్యి కాదు, మీరు ఆరిపోతారు. తడికట్టెలు తీసెయ్యండబ్బా" అని ఆటపట్టించింది. అన్నం అడుగంటింది. పైన మెత్తబడింది. ఏకాంబరం వాళ్ళమ్మ మూటగట్టి ఇచ్చిన ఊరిబిండి పచ్చడి తీశాడు. ముగ్గురికీ ఆకులు వేశారు.

శాంతయ్య కళ్ళు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. క్రైస్తవుల పిల్లవాడని మాస్టారుకు అప్పుడు తెలిసింది. ఒకే కుండ, ఒకే గంటె. చిత్తూరులో ఈ సంగతి తెలిస్తే అలివేలమ్మ ఏమంటుందో అనుకున్నాడు. తర్వాత ఆకలేసి తిన్నాడు.

పంటి కింద రాయి తగిలి ఆగినప్పుడు ఎదురుగా చూశాడు. ఏకాంబరం తింటున్నాడు. పెద్ద పెద్ద ముద్దలు. రెండేళ్ళ గురువారాలు వాడు తన ఇంటికి వచ్చినా, వాడు అన్నం తినగా చూడటం ఇదే మొదలని మాస్టారుకు తోచింది. అందరి భోజనాలూ అయ్యాక పెరటి పంచలో వాడికి ఆకు వేసేవాళ్ళు. వాడు ఎప్పుడు తిన్నదీ, ఎంత తిన్నదీ ఆయన ఒక్కనాడూ లేచి చూడలేదు. పెడుతున్నాం కదా అనుకున్నాడు.

ఏకాంబరం ఆకు ఖాళీ అయింది. వాడు ఎవరి ముఖమూ చూడలేదు. చెయ్యి చాచి గంటె తీసుకుని, తనకు తానే రెండోసారి వడ్డించుకున్నాడు.

ధనంజయ మాస్టారు తల వంచుకున్నాడు. చిన్నప్పుడు వేలూరులో చదువుకునే రోజుల్లో ఆయనా వారాలబ్బాయే. ఆ మాట కాలేజీలో ఎవరితోనూ అనలేదు, అలివేలమ్మకు కూడా సగమే చెప్పాడు. రెండోసారి అన్నం అడగడానికి నోరు రాక, నీళ్ళు తాగి లేచిపోయిన పూటలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చేతిలోని ముద్దను మళ్ళీ ఆకులోనే పెట్టేశాడు.

"ఏం సార్, బాగలేదా?" అన్నాడు ఏకాంబరం.

"బాగుండాదిరా. కారం ఎక్కువ" అన్నాడు ఆయన.

*

సాయంత్రం కాలేజీలో ప్రిన్సిపాలు బల్ల ముందు కూర్చున్నాడు మాస్టారు. ఏకాంబరం, శాంతయ్య బయట నిలబడ్డారు.

"కుదిరిందా మాస్టారూ? భోజనం ఎవరింట్లో?"

గోవిందస్వామి పేరు చెబితే ఒక్క మాటతో పోతుంది. పెద్దమనిషి ఇల్లు, గౌరవమైన చిరునామా.

"వాళ్ళింట్లోనే సార్. గొల్లవీధిలో వసారా తీసుకున్నారు ఇద్దరూ. కార్డులు రాయించుకున్నారు. వండుకుంటారు."

ప్రిన్సిపాలు కనుబొమలు ముడిచాడు. "వంట చేసుకుంటూ కూర్చుంటే చదువెట్లా సాగుతుంది? మీరే ఇట్లా అంటే ఎట్లా? ఎవరింట్లోనైనా పెద్దల నీడన ఉంటే..."

"నేను ఏడిళ్ళలో తిని చదివినాను సార్." మాట బయటికొచ్చాక ఆయనకే ఆశ్చర్యమేసింది. కాలేజీ తెలుగు కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చేసింది. "ఈడ అన్నం పెడతారా, ఆడ పెడతారా అని చూసేదాంట్లోనే నా సగం చదువు పోయింది. మిగతా సగంతోనే ఈ ఉద్యోగం. పొయ్యి ముందు కూర్చునేవాడికి అన్నం ఎప్పుడుడుకుతాదో తెలుస్తాది. పరాయి అరుగు మీద కూర్చునేవాడికి తెలీదు. వీళ్ళు మధ్యలో ఆపితే నన్నడగండి. ఇద్దరికీ నేను పూచీ."

ప్రిన్సిపాలు రెండు పేర్లూ రాసుకున్నాడు.

మాస్టారు బయటికి వచ్చి స్తంభం పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. ఏకాంబరం పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"సీటు ఖాయం. మీ ఇద్దరికీ" అన్నాడు మాస్టారు. "ఇంక గోవిందస్వామి ఇంటికి పోయి చెప్పి రావాల. నాలుగు చీవాట్లు తిని, బండి అందుకోవాల."

"నేనూ వస్తా సార్. తిట్టేది నన్నే కదా తిట్టాల."

"నువ్వెందుకురా?" మాస్టారు వాడి చెయ్యి విడిపించుకుని గొడుగు విప్పాడు. "పొద్దు వాలింది. మీ ఇంటికి పోయి పొయ్యి ముట్టించుకో, పో."